బహుమతుల కార్డు - సీమవాసి ఖర్చు

దసరా దీపావళుల నాటికి కర్నూలు వస్త్రాలయములలోను, పెట్రోలు బంకులయొద్దను, బ్యాంకుల ముంగిళ్లలోను చిన్న బల్లలు వేసికొని కూర్చుండు యువకులు ఇప్పుడు కొత్తవారు కారు. వారు అమ్మునది వస్తువు కాదు, అప్పు. కాని అప్పను మాట వారి నోట రాదు. బహుమతి, పాయింటు, తిరుగు సొమ్ము, స్వాగత కానుక, ఆజీవనము ఉచితము - ఇవియే వారి పలుకులు. కోడుమూరునుండి పెండ్లి బట్టలు కొనబోయిన గృహస్థుడు ఒక చేతిలో మూటయు, రెండవ చేతిలో క్రెడిటు కార్డు దరఖాస్తు రసీదును పట్టుకొని తిరిగివచ్చుచున్నాడు. దేశమునందు చెల్లుబడిలోనున్న క్రెడిటు కార్డుల సంఖ్య 2024 ఆరంభమున పది కోట్లు దాటినది. ఇది మహానగరముల ముచ్చట యని హంద్రీ తీరవాసులు ఉపేక్షించు కాలము గతించినది. కావున ఈ కార్డు ఎవరికి తగును, ఎవరికి తగదు, తగినవారికి ఏ విధమైనది తగును అను విషయమును లెక్కపత్రములతో విచారించుట మా కర్తవ్యమని భావించుచున్నాము.

ఈ కార్డు పరదేశపు వింత యనుకొనుటకు వీలులేదు. అందు మన ఆంధ్రుల పాలు కలదు. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. ఆంధ్ర దేశపు సొమ్ము ఆంధ్ర దేశపు సేద్యమునకును వర్తకమునకును ఉపయోగపడవలెనన్నది ఆనాటి సంకల్పము. ఆ బ్యాంకు 1980లో జాతీయము చేయబడినది. మరుసటి యేడు, అనగా 1981లో, దేశమున క్రెడిటు కార్డును ప్రవేశపెట్టిన తొలి బ్యాంకులలో ఒకటిగా అది పేరు పొందినది. 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమై ఆ పేరు మాసిపోయినది. ఆ పేరు పోయినందులకు మాకు గల చింత వేరు విషయము; దానినిక్కడ పెంచము.

మొదట ఈ బహుమతి ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. ఏ బ్యాంకును తన పెట్టెలోని ధనమును ఊరకే పంచిపెట్టదు. కార్డుతో వస్తువు కొన్నపుడు అంగడివాడు తనకు రావలసిన మొత్తములో నూటికి రూపాయిన్నరయో రెండు రూపాయలో తరుగు నిచ్చుకొనును. ఆ తరుగులో కొంత కార్డిచ్చిన బ్యాంకునకు చేరును. అందులో ఒక తునకను బ్యాంకు మనకు పాయింట్లరూపమున మరల నిచ్చును. అంగడివాడు ఆ తరుగును తన పొట్టకొట్టుకొని భరించునా? భరించడు. సరుకు ధరలో కలుపుకొనును. కలుపుకొనలేనిచో, కర్నూలు అంగళ్లలో కొన్నిచోట్ల జరుగునట్లు, కార్డయినచో నూటికి రెండు రూపాయలు అదనమని ముఖముననే చెప్పును. అనగా, రొక్కమిచ్చి కొనుచున్న కూలివాడును, ఏ కార్డును ఎరుగని ముసలమ్మయు ఆ పెరిగిన ధరనే చెల్లించుచు, కార్డుగల ఉద్యోగస్థుని బహుమతికి తమ వంతు చందా నిచ్చుచున్నారు. ఇది మొదటి ఊట. రెండవ ఊట ఇంతకన్న లోతైనది. గడువులోపల పూర్తి బాకీ తీర్చలేక వడ్డీ కట్టువాడే ఆ రెండవ ఊట. బాకీ తీర్చువాని బహుమతికి బాకీ తీర్చనివాడు నీరు పోయుచున్నాడన్నమాట. ఈ కార్డు చేతబట్టినవాడు ఈ రెండింటిలో తాను ఏ పక్షమువాడగునో ముందే నిశ్చయించుకొనవలెను. తక్కిన విచారమంతయు దాని వెనుకనే.

వడ్డీ సంగతి వచ్చినది గనుక దానిని మన భాషలోనే చెప్పుకొందము. మన సీమలో వడ్డీని సంవత్సరమునకు ఇన్నిపాళ్లని ఎవరును అనరు. నూటికి నెలకు రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ యని అందురు. రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చు షావుకారును పీడించువాడని ఊరంతయు చెప్పుకొనును. క్రెడిటు కార్డు బాకీమీద అధిక సంఖ్యాకములైన బ్యాంకులు వేయు వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయల ప్రాంతము. మూడు రూపాయల డెబ్బదియైదు పైసలవరకు పోవునవియు కలవు. దానిమీద ప్రభుత్వపు జీఎస్టీ నూటికి పదునెనిమిది. అది బారువడ్డీయా? కాదు, చెల్లింపని వడ్డీమీదను వడ్డీ పెరుగు చక్రవడ్డీ. అద్దాల గదిలో చల్లగాలి వీచుచుండగా సంతకము చేయించుకొనుటచేత ఈ వడ్డీ తక్కువ కాదు. ఊరి షావుకారుకన్న ఈ షావుకారు ఖరీదైనవాడు.

ప్రాచీన ధర్మశాస్త్రకారులు వడ్డీ ఎంత పెరిగినను అసలుతో కలిసి రెట్టింపును మించి ఒక్కమారు వసూలు చేయరాదని హద్దు పెట్టిరి. మనువు చెప్పిన ద్వైగుణ్యమిదియే. మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1938లో చేసిన రైతుల ఋణవిమోచన చట్టము, అటుపై సేద్యగాండ్రు చేయు అప్పులకు రూపాయికి నెలకొక పైమాత్రమే వడ్డీ చెల్లునని నిర్ణయించెను. రూపాయికి 192 పైలుగదా. లెక్క కట్టిన సంవత్సరమునకు నూటికి ఆరుంబావు రూపాయలయ్యెను. అది బారువడ్డీ. ఆనాడు సంవత్సరమునకు పనికివచ్చిన ఆరుంబావు, ఈ కార్డులయెడ రెండు నెలలకే చాలకున్నది. కార్డుల వడ్డీ సంవత్సరమునకు నూటికి 30కి మించుట అక్రమ వ్యాపార పద్ధతియని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పెను. బ్యాంకులు అప్పీలు చేసికొనగా, ఆ తీర్పును 2024 డిసెంబరు 20వ తేదీన సుప్రీము కోర్టు కొట్టివేసెను. వడ్డీ రేటును విచారించుట రిజర్వు బ్యాంకు పని యని న్యాయస్థానము తలంచినది. ఆ రిజర్వు బ్యాంకు హద్దు నిర్ణయింపలేదు. వడ్డీ మితిమీరినదిగా ఉండరాదని మాత్రము బ్యాంకులకు బోధించుచున్నది. మితి యెంతయో బ్యాంకులే చెప్పుకొనుచున్నవి! దొంగకు తాళపుచెవి యిచ్చినారనుట కఠినమగునేమో గాని, కాపలావాడు నిద్రించుచున్నాడనుటకు మేము సంకోచింపము.

ఇక ఎవరికి తగును? కోడుమూరువంటి మండల కేంద్రమున ధనము మూడు నాలుగు తీరులుగా వచ్చుచున్నది. ఆ తీరునుబట్టియే కార్డు యుక్తాయుక్తములు ఏర్పడును.

కార్డు బిల్లు నెలకొకమారు వచ్చును. పంట సంవత్సరమునకు ఒకటి రెండుమార్లు వచ్చును. ఈ ఒక్క వాక్యములో రైతు విషయమంతయు ఇమిడియున్నది. వర్షాధారపు భూమిలో వేరుశనగయో - మన కర్నూలు భాషలో బుడ్డలు - పత్తియో, కందియో, ఆముదమో వేయు రైతు జూను జూలై నెలలలో విత్తనములకును ఎరువులకును సొమ్ము చిమ్మును. అది తిరిగి చేతికి వచ్చుట కార్తీకమో, మార్గశిరమో. గాజులదిన్నె నీరు సోకు చేలవారికి కొంత నయము గాని, వారికిని నెల జీతము లేదు. ఉల్లిగడ్డ పండించినవాని సంగతి చెప్పనేల? కర్నూలు మార్కెట్టు యార్డుకు బండ్లు చేరిన దినమున ధర నిలుచునో, కూలి ఖర్చులకును చాలకపోవునో ఎవరికిని తెలియదు.

ఇట్టి రైతు జూనులో అరువది వేల రూపాయల ఎరువులు, విత్తనములు బహుమతుల కార్డుతో కొనెననుకొందము. నూటికి రూపాయి చొప్పున 600 రూపాయల బహుమతి వచ్చును. అతడు సంతసించును. గడువులో బాకీ తీరదు. తీరనపుడు ఉచిత గడువు రద్దయి, కొన్న దినమునుండియే వడ్డీ నడచును. అయిదు నెలలు నిలిచినచో, మూడున్నర చొప్పున, చక్రవడ్డీ కట్టకుండనే 10,500 రూపాయలు, జీఎస్టీ 1,890, వెరసి 12,390. నడుమ నడుమ కట్టవలసిన కనీస మొత్తమును తప్పినచో ఆలస్యపు జరిమానాలు వేరు. అదే అరువది వేలు రెండు రూపాయల వడ్డీకి ఊరి షావుకారు నొద్ద తెచ్చినచో అయిదు నెలలకు వడ్డీ 6,000. కిసాన్ క్రెడిటు కార్డుమీద తెచ్చినచో? సంవత్సరమునకు నూటికి ఏడు రూపాయలు. గడువుతేదీలోపల చెల్లించినవారికి మూడు రూపాయలు ప్రభుత్వము మినహాయించుటచేత నాలుగు రూపాయలే. అయిదు నెలలకు సరిగా 1,000 రూపాయలు. పన్నెండు వేల మూడువందల తొంబది యెక్కడ, వేయి యెక్కడ! ఆరువందల బహుమతి ఈ పద్దులో ఏ మూలకు వచ్చును?

రెండింటికిని క్రెడిటు కార్డనియే పేరుండుట ఒక దౌర్భాగ్యము. కిసాన్ క్రెడిటు కార్డు 1998లో, పంట కాలమునకు తగిన గడువుతో, సేద్యపు ఖర్చునకై ఏర్పడినది. మూడు లక్షలవరకు స్వల్పకాలిక ఋణములకు పైజెప్పిన వడ్డీ రాయితీ వర్తించుచు వచ్చినది. 2025 జనవరి 1వ తేదీనుండి రెండు లక్షలవరకు సేద్యపు ఋణమునకు హామీ అక్కరలేదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. కడపలో కేంద్ర కార్యాలయముగా మన సీమలో పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు, 2025 మే 1వ తేదీన రాష్ట్రమందలి తక్కిన గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారినది. బోర్డుమీది పేరు మారెనుగాని రైతు అడుగవలసిన కార్డు అదియే. పట్టాదారు పుస్తకముతో బ్యాంకుమెట్లెక్కిన రైతునకు కిసాన్ కార్డు విషయమున పదిమార్లు తిరుగుమని చెప్పి, బహుమతుల కార్డును మాత్రము ఇంటికి పంపు పద్ధతి ఎక్కడ నుండినను, అది ఖండింపదగినది. కౌలురైతు స్థితి మరింత దయనీయము. అతనికి పుస్తకమే లేదు. అతనిని షావుకారు చేతినుండి తప్పించి మూడున్నర వడ్డీ కార్డు చేతిలో పెట్టుట ఉపకారమెట్లగును?

మగ్గము నమ్ముకొన్న నేతవాని ఖర్చును రైతు ఖర్చువంటిదే. నూలు, పట్టు ముందు కొనవలెను. చీర అమ్ముడుపోయిన పిదప సొమ్ము. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతపనివారల సహకార సంఘమును స్థాపించినది ఈ నడిమి వ్యవధిలో నేతగాండ్రు షావుకారుల పాలు గాకుండుటకే. ఆ వ్యవధిని పూరించుటకు సహకార ఋణము తగును గాని నలువది యైదు దినముల కార్డు తగదు.

చిల్లరకొట్టు వర్తకుని విషయము వేరు. అతనికి ప్రతిదినమును గల్లాపెట్టెలో సొమ్ము పడుచుండును. కర్నూలు హోలుసేలు వ్యాపారినొద్ద కార్డుతో సరుకు తెచ్చి, నెల తిరుగకముందే అమ్మి, గడువునాటికి పూర్తిగా చెల్లింపగలిగినచో, నలువది నలువదియైదు దినముల వడ్డీలేని పెట్టుబడియే అతనికి అసలైన బహుమతి. పాయింట్లు దానిపై వేసిన కొసరు. కాని హోలుసేలు వ్యాపారి నూటికి రెండు అదనమడిగినచో ఆ లాభమంతయు అక్కడనే హరించును. చిట్టా ఆవర్జాలు సరిగా వ్రాయు వర్తకునకు ఈ మాట మేము నేర్పనక్కరలేదు. అరువులు వసూలు కాని వర్తకుడు మాత్రము తనను రైతుగానే ఎంచుకొనుట మంచిది.

మిగిలినది నెలజీతపువాడు: ఉపాధ్యాయుడు, గుమాస్తా, ఆసుపత్రి ఉద్యోగి, పింఛనుదారు. ఈ కార్డు నిజముగా ఇతనికై పుట్టినది. ఇతడైనను దానిని చూచి కొనవలెను గాని, అది ఇతనిని చూచి కొనరాదు.

ఎట్లు చూడవలెను? గడచిన పండ్రెండు నెలల బ్యాంకు పాసుపుస్తకమును ముందు పెట్టుకొని ఖర్చును పద్దులవారీగా విడదీయవలెను. ఒక ఉపాధ్యాయుని ఇంటి ఖర్చు ఊహించుకొందము. ఇంటి అప్పు వాయిదా, పాలు, కూరగాయలు, కూలి మున్నగు రొక్కపు ఖర్చులు పోను, కార్డుకు ఎక్కదగినవి నెలకు 25,000 రూపాయలు. అందు కిరాణా 9,000, పిల్లల బడి రుసుము 6,000, పెట్రోలు 3,000, కరెంటు, ఫోను 2,000, అంతర్జాలపు అంగళ్లలో కొనునవి 3,000, బట్టలు, మందులు 2,000. దరఖాస్తు పత్రము వెనుక చీమతలకాయలంత అక్షరములతో ఏ ఖర్చులకు బహుమతి లేదో వ్రాయబడియుండును. పెట్రోలు, ప్రభుత్వ చెల్లింపులు, ఇంటి అద్దె సాధారణముగా అందుండును. కరెంటు, విద్య, బీమా మున్నగునవి అనేక కార్డులలో ఉండును. మన ఉపాధ్యాయుని పద్దులో బడి, పెట్రోలు, కరెంటు తీసివేయగా 11,000 పోయి 14,000 మిగిలెను. బహుమతి నూటికి ఇంతయని చదివి 25,000తో హెచ్చవేసికొన్నవాడు ఇక్కడనే మోసపోవుచున్నాడు.

ఇప్పుడు మూడు విధములైన కార్డులను అతని యెదుట పెట్టుదము. మొదటిది, ఏ ఖర్చుకైనను నూటికి రూపాయి; వార్షిక రుసుము లేదు. దానిమీద నెలకు 140, ఏటికి 1,680. రెండవది, అంతర్జాలపు అంగళ్లలో నూటికి అయిదు, ఇతరత్ర ఒకటి. రుసుము 499, జీఎస్టీతో 589. నెలకు 260, ఏటికి 3,120. రుసుము పోను 2,531. మూడవది పెట్రోలు కార్డు: ఒకానొక కంపెనీ బంకులో నూటికి నాలుగు, ఇతరత్ర పావలా, రుసుము ముందటి వలెనే. పెట్రోలుమీద ఏటికి 1,440, తక్కిన వానిమీద 420. రుసుము పోను 1,271. పెట్రోలు కార్డుపేరు ఎంత ఆకర్షకమైనను, దినమున కర్నూలుకు పోయివచ్చువానికి తప్ప తక్కినవారికి అంతంతమాత్రమే. అదియును ఆ కంపెనీ బంకు తన దారిలో నున్నప్పుడే. కాబట్టి రెండవది శ్రేష్ఠమని తేలినట్లున్నది.

కాని కోడుమూరులో ఈ లెక్క నిలువదు. ఏలయన, ఆ తొమ్మిది వేల కిరాణా కొను అంగడిలో కార్డు గీయు యంత్రము లేదు. గోడకు అంటించిన చదరపు గడుల బొమ్మ, అనగా యూపీఐ క్యూఆర్ కోడు, కలదు. దానికి విదేశీ కంపెనీల ముద్రగల కార్డులు పనిచేయవు. మన దేశీయ చెల్లింపుల సంస్థ 2012లో ఆరంభించిన రూపే ముద్రగల క్రెడిటు కార్డును మాత్రమే 2022 సెప్టెంబరునుండి యూపీఐతో జతచేయుటకు వీలు కలిగినది. రెండవ కార్డు రూపే కానిచో కిరాణా ఫలము పోయి నెలకు 170 మాత్రమే మిగులును, ఏటికి 2,040, రుసుము పోను 1,451. రుసుములేని ఆ మొదటి సాదా కార్డు రూపే ముద్రతో దొరికినచో 1,680తో అదియే గెలుచును. బెంగుళూరునందలి అల్లుడు ఏ కార్డు మంచిదని చెప్పెనో అదియే కోడుమూరునందలి మామగారికి మంచిది కాకపోవుటకు కారణమిది. స్వదేశీ ముద్ర పట్ల అభిమానముచేత మేమీ మాట చెప్పుటలేదు. అభిమానము కలదు గాని, ఇక్కడ పలుకునది అంకెలే.

ఇందులోను రెండు మెలికలు కలవు. చిన్న వర్తకుడు రెండు వేలలోపు సొమ్మును ఈ రీతిని పుచ్చుకొన్నపుడు తరుగు ఇచ్చుకొననక్కరలేదు. వర్తకునకు ఇది న్యాయమే. కాని ఊట యెండినచోట బావిలో నీరుండునా? అందుచేత అనేక బ్యాంకులు యూపీఐ కొనుగోళ్లకు బహుమతిని తగ్గించుచున్నవి, లేదా నెలకింతయని కట్టడి చేయుచున్నవి. దరఖాస్తు చేయుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఇది. రెండవది, అంగడివాడు తన స్వంత ఖాతా బొమ్మను గోడకంటించినచో క్రెడిటు కార్డు దానికి చెల్లదు. వర్తక ఖాతా బొమ్మయే కావలెను. మన ఊళ్లలో స్వంత ఖాతా బొమ్మలే విస్తారము. మొదట మీ కిరాణా కొట్టు నడుగుడు. పిదప బ్యాంకు నడుగవచ్చును. 2024 సెప్టెంబరునుండి పెద్ద బ్యాంకులు కార్డునకు ఏ సంస్థ ముద్ర కావలెనో ఎంచుకొను హక్కును ఖాతాదారునకు ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. మన పక్షమున నున్న ఈ హక్కును అడుగువారు తక్కువ.

పాయింట్ల మాయను గూర్చి ఒక మాట. వేయి పాయింట్లనగా వేయి రూపాయలు కావు. పాయింటు విలువ పావలా అయిన కార్డులు అనేకము. పాయింట్లను సొమ్ముగా మార్చునపుడు రుసుము వసూలు చేయునవి కొన్ని. గడువు మీరిన పాయింట్లు మురిగిపోవునవి మరికొన్ని. తిన్నగా సొమ్మే బాకీలో తగ్గించు కార్డు మన గృహస్థులకు సుఖము. విమానాశ్రయపు విశ్రాంతి మందిరములలో ఉచిత ప్రవేశమిచ్చు కార్డులకు రుసుము వేలలో నుండును. ఓర్వకల్లు విమానాశ్రయము 2021లో తెరువబడినందున మనకును విమానము దగ్గరైనది, నిజమే. కాని ఏటికొకమారైనను విమానమెక్కనివాడు ఎవరి ఉపాహారమునకు ఈ రుసుము కట్టుచున్నట్లు?

ఖర్చులేని వాయిదాలను ప్రకటనను గూర్చియు హెచ్చరిక యవసరము. వడ్డీని మాఫీ చేసినట్లు చూపి, రొక్కమునకిచ్చు తగ్గింపును ఇవ్వకుండుటయో, నిర్వహణ రుసుము వేయుటయో, వడ్డీభాగముమీద జీఎస్టీ వసూలు చేయుటయో జరుగుచుండును. ఏటీఎములో క్రెడిటు కార్డుతో రొక్కము తీయుట అన్నిటికన్న అనర్థము: దానికి ఉచిత గడువు లేదు, తీసిన క్షణమునుండియే వడ్డీ, పైగా రుసుము. ఆసుపత్రికి అత్యవసరమైనచో ఆసుపత్రిలోనే కార్డునిచ్చి చెల్లించుట దానికన్న నయము.

జీతగాని లెక్కకు తిరిగి వత్తము. ఏ కార్డెంచుకొన్నను అతని సంవత్సర లాభము రెండు వేల అటునిటు అని తేలినది గదా. కూతురి పెండ్లియో, తండ్రి వైద్యమో అడ్డుపడి, ఒకనెల బిల్లు 25,000 మూడు నెలలు నిలిచెననుకొనుడు. నెలకు 875 వడ్డీ. మూడు నెలలకు 2,625. జీఎస్టీ కలిపి 3,097. సంవత్సరమంతయు ఏరుకొన్న గింజలు మూడు నెలలలో పందికొక్కు తిన్నట్లే. కనీస మొత్తము కట్టితిమి, భయములేదని కొందరనుకొందురు. కనీస మొత్తమనగా సాధారణముగా బాకీలో నూటికి అయిదు. అది కట్టుటచేత జరిమానా తప్పును, వడ్డీ తప్పదు. పైగా బాకీ నిలిచియున్నంతకాలము కొత్తగా కొన్న వస్తువులకును ఉచిత గడువు లభింపదు. ఈ కడపటి సంగతి తెలిసిన కార్డుదారులు నూటికి ఎందరో మాకు సందేహమే. జీతము పడు ఖాతానుండి పూర్తి మొత్తము తనంతట తానే చెల్లునట్లు ఏర్పాటు చేసికొనుట ఒక్కటే ఇందుకు ఉపాయము. అట్లు ఏర్పరచుకొనుటకు ధైర్యము చాలనివానికి ఏ కార్డును తగదు.

హక్కుల విషయము. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిలులో ప్రకటించిన నిబంధనల ప్రకారము, అడుగని కార్డును ఎవరికిని పంపరాదు. బాకీ లేని కార్డును రద్దుచేయుమని కోరినచో ఏడు పనిదినములలో రద్దు చేయవలెను. చేయనిచో ఆలస్యమైన ప్రతిదినమునకు 500 రూపాయలు ఖాతాదారునకు ఇచ్చుకొనవలెను. రుసుములను మార్చునపుడు నెలదినములు ముందుగా తెలుపవలెను. బ్యాంకునకు వ్రాసిన ఫిర్యాదు ముప్పది దినములలో తీరనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాసికొనవచ్చును. అందులకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఆ నిబంధనలలోనే మరియొకటి కలదు: కార్డు షరతులు స్పష్టమైన సులభ భాషలో, వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీలతోపాటు స్థానిక భాషలో, ఖాతాదారునకు బోధపడునట్లు ఉండవలెనని. బహుమతుల ప్రకటన తెలుగులో, పెద్ద అక్షరములలో, రంగులలో వచ్చుచున్నది. షరతుల పత్రము మాత్రము ఇంగ్లీషులో, కన్నులకు ఆనని అక్షరములలో వచ్చుచున్నది. ఆశ చూపుటకు పనికివచ్చిన తెలుగు, వడ్డీ చెప్పుటకు ఏల పనికిరాదు? కర్నూలు జిల్లా బ్యాంకుల సమన్వయ సమావేశములలో మన ప్రజాప్రతినిధులు ఈ ప్రశ్న వేయవలెను. దరఖాస్తు పత్రపు మొదటి పుటలోనే, బహుమతి అంకెకు సరిపక్కన, అంతే పరిమాణపు తెలుగు అక్షరములలో, "నూటికి నెలకు వడ్డీ ఇన్ని రూపాయలు, ఇన్ని పైసలు" అని అచ్చువేయించవలెను. అది జరుగువరకు, సంతకము చేయుటకు ముందు గృహస్థుడు ఆ యువకుని చేతనే ఆ వాక్యమును తెలుగులో వ్రాయించి, తారీఖు వేయించి తీసికొనవచ్చును.